గాలి మీటరుకు దిక్కెవరు?

హైదరాబాదు సరూర్‌నగర్ రైతుబజారులో బెండకాయలు తూచే కాటాకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ బంగారు దుకాణంలో మిల్లీగ్రాముల దాకా చూపించే తూకం యంత్రానికి ఉండాలి. ఆటోకు బిగించిన మీటరుకు ఉండాలి. ఎల్‌బీ నగర్‌లో పెట్రోలు పోసే పంపుకు ముద్రతో పాటు సీలు కూడా ఉండాలి. ఇవన్నీ ఉండాల్సినవే, కాదనేవాళ్లెవరూ లేరు. మరి అదే పెట్రోలు బంకులో నాలుగడుగుల అవతల వేలాడే గాలి గొట్టం చివరనున్న మీటరు సంగతేమిటి? పిల్లవాణ్ని ముందు నిలబెట్టుకుని, భార్యను వెనక కూర్చోబెట్టుకుని హయత్‌నగర్ వైపు బయల్దేరిన మనిషి ప్రాణం ఆ ముల్లు చూపించే అంకె మీద ఆధారపడి ఉంది. ఆ అంకె నిజమా కాదా అని చూసే నాథుడు లేడు.

మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా మెట్రో పిల్లర్ల వెంబడి ఒకసారి నడిచి చూడండి. ఆ దారిలో, దాని పక్క సందుల్లో, ఇటు కర్మన్‌ఘాట్ వైపు, అటు నాగోలు వైపు, సాగర్ రింగ్ రోడ్డు మీద, గాలి కొట్టే చోట్లు అడుగడుగునా ఉంటాయి. ప్రతిచోటా గొట్టం చివర ఉన్న మీటరును కాసేపు చేతిలోకి తీసుకుని చూడండి. అద్దం పగిలి ఉంటుంది. అద్దం ఉంటే లోపల దుమ్ము, నూనె మరక కలిసి అంకెలు కనపడవు. గాలి లేనప్పుడు సున్నా మీద ఉండాల్సిన ముల్లు ఐదు మీదో ఏడు మీదో ఆగి ఉంటుంది. కొన్నిచోట్ల ముల్లే ఉండదు. ఇంత రద్దీ రోడ్డు మీద, రోజూ ఇన్ని వేల బండ్లు పోయే చోట, ఇది ఎవరి కంటికీ ఆనడం లేదు.

ముల్లు లేని మీటరుతో గాలి కొడుతున్న ఒక కుర్రవాణ్ని అడిగాను. "మీటర్ ఎప్పుడో ఖరాబైందన్నా. అందాజ్ మీద కొడ్త. చేత్తో ఒత్తి చూస్తే నాకు తెలుస్తది" అన్నాడు. మరోచోట, బంకులో, బండి ఆపగానే "ఎంత పెట్టాలె సార్, ముప్పై పెట్టనా?" అన్నాడు గొట్టం పట్టుకున్న మనిషి. "వెనక ముప్పై ఆరు పెట్టు, ఇద్దరం పోవాలి" అన్నాను. "అందరికీ ముప్పయ్యే పెడ్త సార్, ఏం కాదు" అన్నాడు. ఆ కుర్రవాడి మీదా ఈ మనిషి మీదా నాకు కోపం లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా దుమ్ములో, ఎండలో వంగి కూర్చుని, టైరుకు నాలుగు రూపాయలు తీసుకుని బతికే మనిషికి మీటరు గురించి ఎవరైనా చెప్పారా? సరిచూసి ఇచ్చారా? పాడైతే మార్చి ఇచ్చారా? నా కోపం ఆ "ఏం కాదు"ను పైనుంచి కింద దాకా పంచిపెట్టిన వాళ్ల మీద.

చేత్తో ఒత్తితే తెలుస్తుందన్నది వట్టి భ్రమ. ట్యూబ్‌లెస్ టైరు పక్క గోడలు గట్టిగా ఉంటాయి. పాతికకూ ముప్పై ఐదుకూ తేడా బొటనవేలికి అందదు. పూర్తిగా దిగిన టైరును మాత్రమే చేతితో కనిపెట్టగలం. ప్రమాదం దిగిన టైరుతో ఎక్కువ రాదు, ఎందుకంటే దాన్ని చూసి బండి ఆపేస్తాం. సగం దిగి, బాగానే ఉన్నట్టు కనిపించే టైరుతో వస్తుంది.

నేను ఒకే టైరును, పొద్దున్నే ఎండ ఎక్కకముందు, బండి పెద్దగా నడపకుండా, దగ్గర దగ్గరగా ఉన్న కొన్ని మీటర్ల మీద పెట్టి చూశాను. ఒకచోట ముప్పై దాటింది. మరోచోట పాతిక దగ్గరే ఆగింది. గొట్టం పెట్టి తీసేటప్పుడు పోయే కాస్త గాలి ఇంత తేడా తేలేదు. ఏది నిజం? ఆ రోడ్డు మీద ఏ ఒక్క మీటరూ నాకు ఆ జవాబు చెప్పలేదు, ఎందుకంటే దేని మీదా నమ్మదగిన ముద్ర లేదు. రెండు మీటర్లు ఒకే అంకె చూపినా సరిపోదు. రెండూ ఒకే రకంగా తప్పి ఉండవచ్చు.

ఈ మీటరు లోపల పెద్ద రహస్యమేమీ లేదు. యూజీన్ బోర్డన్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1849లో పేటెంటు తీసుకున్న పద్ధతే ఈ రోజుకీ నడుస్తోంది. వంపు తిరిగిన ఒక సన్నటి లోహపు గొట్టం ఉంటుంది. దానిలోకి గాలి ఒత్తిడి వెళితే ఆ వంపు కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడును చిన్న పళ్ల చక్రాలు ముల్లుకు అందిస్తాయి. అంత సున్నితమైన పరికరం రోజుకు ఎన్నిసార్లు సిమెంటు నేల మీద పడుతుందో గాలి కొట్టే ఏ దుకాణం దగ్గరైనా పావుగంట నిలబడితే తెలుస్తుంది. పడిన ప్రతిసారీ ఆ గొట్టం వంపో, పళ్ల చక్రమో ఒక వెంట్రుకవాసి జరగవచ్చు. కంప్రెసరులో చేరిన నీళ్లు గొట్టంలోకి వచ్చి తుప్పు పట్టిస్తాయి. కొన్ని మీటర్లలో సున్నా దగ్గర ముల్లును ఆపే చిన్న మేకు ఉంటుంది. అలాంటి దానిలో మీటరు చెడినా ముల్లు మాత్రం సున్నా దగ్గరే బుద్ధిగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. చూసిన వాడు బాగుందనే అనుకుంటాడు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మీటరు ఎంత తప్పవచ్చో సాధారణంగా దాని పూర్తి కొలతలో శాతంగా లెక్కిస్తారు. 160 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని లెక్కించే కొలమానం) దాకా అంకెలున్న మీటరు రెండున్నర శాతం తరగతిదైతే, అది కొత్తదిగా, నిక్షేపంగా ఉన్నప్పుడే నాలుగు పీఎస్ఐ అటో ఇటో తప్పడానికి అనుమతి ఉన్నట్టు. లారీ టైరుకు వందకు పైగా గాలి పట్టేచోట నాలుగు పెద్ద తేడా కాదు. స్కూటరు ముందు టైరుకు కావాల్సింది 22. అందులో నాలుగు పోతే 18, నాలుగు చేరితే 26. లారీకీ, కారుకూ, స్కూటరుకూ అదే గొట్టం, అదే మీటరు. కొత్త మీటరు సంగతే ఇది. నేల మీద పడి పడి పగిలిన దాని సంగతి చెప్పాలా?

డిజిటల్ మిషన్లు పెట్టిన బంకులు కూడా వచ్చాయి. అంకె నొక్కితే గాలి నిండి బీప్ అంటుంది. మంచిదే. కానీ అంకె మెరుస్తున్నంత మాత్రాన నిజమైపోదు. లోపలి సెన్సరు కూడా కాలం గడిచేకొద్దీ దారి తప్పుతుంది, దాన్నీ సరిచూస్తూ ఉండాలి. నైట్రోజన్ అని బోర్డు పెట్టి ఎక్కువ డబ్బు తీసుకునే చోటా ఇదే ప్రశ్న. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ ఉంది. గొట్టంలో ఏ గాలి ఉన్నా, కొలిచే మీటరు తప్పైతే కొలత తప్పే.

ఈ కొద్ది పీఎస్ఐల తేడా ఏం చేస్తుందో బండి తయారు చేసినవాళ్లకు బాగా తెలుసు. అందుకే చైను కవరు మీదో, సీటు కిందో, యజమాని పుస్తకంలోనో అంకెలు వేస్తారు. చాలా స్కూటర్లకు ముందు 22, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36. ఒక్కరికీ ఇద్దరికీ మధ్యే ఏడు పీఎస్ఐల తేడా పెట్టారంటే, ఆ అంకెకు ఎంత విలువ ఉందో చూడండి. 36 అని చూపించి నిజానికి 28 ఉన్న టైరు మీద ఇద్దరు మనుషులు, ఒక బియ్యం సంచీ ఎక్కితే, టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ నలుగుతాయి. నలిగిన రబ్బరు వేడెక్కుతుంది. మలుపులో బండి వెనక భాగం ఊగుతుంది. గుంతలో పడితే రిమ్ము నేరుగా దెబ్బ తింటుంది. గాలి ఎక్కువైతే మరో గండం: టైరు నడి భాగం మాత్రమే రోడ్డును పట్టుకుంటుంది. పొడి రోడ్డు మీద తెలియదు. చైతన్యపురిలో వాన నీళ్లు నిలిచిన చోట, మెట్రో కింద ఇంజిన్ ఆయిలు మరకల మీద, ముందున్న ఆటో ఒక్కసారిగా ఆగితే తెలుస్తుంది.

మే నెలలో హైదరాబాదులో ఎండ 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రోడ్డు అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. టైరులో గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. అందుకే టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవమంటారు. మన దగ్గర ఎవరు కొలుస్తారు అలా? మిట్ట మధ్యాహ్నం, నడిపి నడిపి వచ్చిన బండికి, తప్పు మీటరుతో గాలి కొడతారు. ఒక తప్పు మీద ఇంకో తప్పు చేరుతుంది. రెండూ కలిసి ఎటు లాగుతాయో ఎవరికీ తెలియదు.

ఇందులో నష్టపోయేది ఎవరు? కార్లున్నవాళ్లలో కొంతమందికి టైరులో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతుంది. నాలుగు చక్రాల బండి ఒక టైరు తడబడినా కొంత నిలదొక్కుకుంటుంది. రెండు చక్రాల మీద బతికేవాడికి ఆ దయ లేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, పాత బండ్ల మీద భోజనాల పార్సిళ్లు మోసే డెలివరీ కుర్రాళ్లు, శనివారం సాయంత్రం ఎల్‌బీ నగర్ దాటి చౌటుప్పల్, నల్లగొండ, సూర్యాపేట వైపు ఇంటికి వెళ్లే మేస్త్రీలు, వాచ్‌మెన్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. వీళ్లంతా 65వ నంబరు జాతీయ రహదారి మీదే, లారీల పక్కన, బస్సుల పక్కన పోవాలి. టైరు ముందుగా అరిగిపోయినా, పెట్రోలు ఎక్కువ తాగినా ఆ భారం కూడా వాళ్ల జేబు మీదే. డెలివరీ కుర్రవాడికి వెనక టైరు మార్చడమంటే కొన్ని రోజుల సంపాదన.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఆ మరణాల్లో టైరు గాలి వల్ల ఎన్ని అని నేను చెప్పను, చెప్పడానికి ఆధారం లేదు. ఆధారం లేకపోవడమే నన్ను దహిస్తోంది. ప్రమాదం జరిగితే అతివేగమనీ, అజాగ్రత్తగా నడిపాడనీ రాస్తారు. చనిపోయినవాడి మీద తప్పు వేసి కాగితం మూసేస్తారు. ఆ బండి టైర్లలో గాలి ఎంత ఉందో, దాన్ని చివరగా ఏ మీటరుతో కొలిచారో రాసిన ప్రమాద వార్తను నేను ఇంతవరకు చూడలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 24వ సెక్షన్ ప్రకారం, లావాదేవీలో గానీ రక్షణ కోసం గానీ వాడే తూనిక, కొలత పరికరాన్ని వాడకానికి ముందే అధికారి దగ్గర సరిచూపించి ముద్ర వేయించాలి. రక్షణ కోసమంటే ఏమిటో ఆ చట్టం రెండో సెక్షన్‌లోనే వివరించింది: మనిషి క్షేమానికి తీసుకోవాల్సిన చర్య ఏమిటో నిర్ణయించడానికి ఒక పరికరం చూపిన రీడింగును వాడుకోవడం. టైరులో గాలి సరిపోయిందా, ఇంకా కొట్టాలా అని మీటరు చూసి తేల్చుకోవడం ఇది కాక మరేమిటి? బీపీ మిషన్ కూడా ఒత్తిడిని కొలిచేదే. 2013లో వచ్చిన ప్రభుత్వ గుర్తింపు పరీక్షా కేంద్రాల నియమాల్లో బీపీ మిషన్, జ్వరం చూసే థర్మామీటరు పేర్లు ఉన్నాయి. ఆసుపత్రిలో మనిషి కోసం కొలిచే ఒత్తిడికి విలువ ఉంటే, ఆ మనిషిని ఆసుపత్రి పాలు కాకుండా కాపాడే ఒత్తిడికి విలువ ఉండదా?

ప్రపంచంలో ఎవరూ పట్టించుకోని చిన్న విషయమని కూడా అనలేరు. అంతర్జాతీయ లీగల్ మెట్రాలజీ సంస్థ 1975లోనే వాహనాల టైరు గాలి మీటర్ల కోసం ప్రత్యేకంగా సిఫారసు పత్రం తెచ్చింది. దాని నంబరు 23. నాలుగు బార్ల లోపు ఒత్తిడికి తప్పు 0.08 బార్ దాటకూడదన్నారు. మన లెక్కలో చెప్పాలంటే ఒక పీఎస్ఐ కంటే కొంచెం ఎక్కువ, అంతే. జర్మనీలో పెట్రోలు బంకుల టైరు గాలి మీటర్లు కొలతల అధికారుల పరీక్షకు రావాల్సిందే. అక్కడ ఒక పీఎస్ఐ దగ్గర గీత గీస్తే, ఇక్కడ ముల్లే లేని మీటరుతో పని కానిస్తున్నారు.

మనకు చేతకాదా? చేతనవుతుంది. హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు లేకపోతే అమ్మకూడదని 2021 జూన్ 1 నుంచి నిబంధన పెట్టగలిగారు. మోటారు సైకిల్ టైరుకు ఐఎస్ 15627 ప్రమాణం ఉంది, ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. టైరు రబ్బరును అంత జాగ్రత్తగా పరీక్షించి, దానిలో నింపే గాలిని ఎవరికీ పట్టని మీటరు చేతిలో పెట్టారు. పెట్రోలు విషయంలో ఎంత చురుకుగా ఉంటారో చూడండి. ప్రతి బంకులోనూ ఐదు లీటర్ల కొలపాత్ర ఉంచాలి. వినియోగదారు అడిగితే కొలిచి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. 2020లో పంపుల్లో చిప్పులు పెట్టి పెట్రోలు తక్కువ పోస్తున్న ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకుంటే, తూనికలు కొలతల అధికారులు కదిలారు, బంకులు మూతపడ్డాయి, పేపర్లన్నీ రాశాయి. మంచి పని చేశారు. దొంగిలించింది పెట్రోలు కాబట్టి కదిలారు. బంకులో గాలి ఉచితం కాబట్టి, దాని కొలత కూడా పట్టించుకోనక్కర్లేదని తీర్మానించుకున్నారా?

ఆయిల్ కంపెనీలు తమ బంకుల్లో ఉచితంగా గాలి పెట్టాలని తమ మార్గదర్శకాల్లోనే రాసుకున్నాయి. ఉచితంగా ఇస్తున్నామని బోర్డు కూడా ఉంటుంది. బోర్డు కింద ఉన్న మీటరును చూడటానికి తనిఖీకి వచ్చిన అధికారికి తీరిక ఉండదా? గాలి గొట్టం పనిచేస్తోందా అని చూసి టిక్కు పెట్టుకుని పోతే సరిపోతుందా? బండ్లు అమ్మే కంపెనీల సర్వీసింగ్ కేంద్రాలూ దీనికి దూరంగా లేవు. సర్వీసింగ్ చేయించి తెచ్చుకున్న నా బండి రెండు టైర్లకూ ఒకే గాలి కొట్టి ఉంది. ముందుకు ఎంత, వెనకకు ఎంత అని ఆ కంపెనీయే పుస్తకంలో రాసింది, దాని సొంత కేంద్రంలోనే ఎవరూ చదవలేదు. అడిగితే అక్కడా అదే జవాబు: ఏం కాదు.

ఖర్చు అంటారా? మంచి మీటరు కొన్ని వందల రూపాయలు. ఒక ప్రాంతానికి సరిచూసిన మాస్టరు గేజీ ఒకటి, దాన్ని తీసుకుని తిరిగే ఒక మనిషి, అంతే కావాలి. ఒత్తిడి కొలతలను సరిచూసే గుర్తింపు పొందిన ల్యాబులు హైదరాబాదులోనే ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో బాయిలర్ల మీది గేజీలను క్రమం తప్పకుండా పరీక్షిస్తున్నారు. ఇంత పెద్ద పారిశ్రామిక నగరంలో, ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీల మధ్య, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న ఈ కొద్ది కిలోమీటర్ల రోడ్డు మీద గాలి మీటర్లను పరీక్షించడం అసాధ్యమని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఒక పాలిటెక్నిక్ కాలేజీ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇస్తే వారంలో తేలిపోయే పని ఇది.

పంచరు దుకాణాల మీద దాడి చేయమని నేను అడగడం లేదు. జరిమానా వేస్తే పొట్ట కొట్టినట్టవుతుంది, మర్నాడు మళ్లీ అదే మీటరు వేలాడుతుంది. ముందు పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. ప్రతి పెట్రోలు బంకులో కొలపాత్ర ఉంచినట్టే ముద్ర వేసిన గాలి గేజీ ఒకటి ఉంచాలి, అడిగినవాడికి చూపించాలి. పంచరు దుకాణం వాళ్లు తమ మీటరును అక్కడికి తెచ్చి ఉచితంగా సరిచూసుకునే వీలు కల్పించాలి. తూనికలు కొలతల శాఖ అధికారులు పంపులకు ముద్ర వేయడానికి వచ్చిన రోజే నాలుగడుగులు అవతలికి నడిచి గాలి మీటరును కూడా చూడాలి. వాళ్ల చట్టమే ఆ అధికారం వాళ్లకు ఇచ్చింది.

అంతవరకూ, ఈ దారిలో బండి నడిపే అన్నలకూ అక్కలకూ తమ్ముళ్లకూ నాదొక విన్నపం. మీ బండికి ముందు ఎంత, వెనక ఎంత, ఇద్దరెక్కితే ఎంత అన్నది ఈ రోజే చదవండి. పొద్దున బండి కదలకముందు కొలిచేలా సొంత మీటరు ఒకటి కొనుక్కోండి, వీలైతే దాన్ని ల్యాబులో సరిచూపించండి. గాలి కొట్టించుకునే ముందు గొట్టం పట్టుకున్న మనిషి మీద అరవకండి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడండి. లేకపోతే బంకు మేనేజరును పిలవండి. ఈ మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడగండి. జవాబు రాకపోతే బంకులో ఉండే ఫిర్యాదుల పుస్తకం తీసుకుని తేదీ వేసి రాయండి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేసి చెప్పండి. ఒక్కరు రాస్తే పక్కన పెట్టేస్తారు. ఈ రోడ్డు మీద రోజూ పోయేవాళ్లంతా రాయండి.